బియ్యం నమిలే పిల్లకు కావలసింది రక్తపరీక్ష

బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని తెలుగు ఇళ్ళలో ఆడపిల్లలను బెదిరించడం తరతరాలుగా ఉన్నదే. చాటలో బియ్యం చెరుగుతుంటే పక్కన చేరి గుప్పెడు నోట్లో పోసుకునే పిల్లను, బలపాలు కొరికే పిల్లను, తడి మట్టి వాసనకు నోరూరుతోందని చెప్పుకోలేక సిగ్గుపడే గర్భిణిని మందలించి ఊరుకుంటాం. తిండి కాని వాటి మీద, వండని వాటి మీద పుట్టే ఇలాంటి ఆగని కోరికను వైద్యులు ‘పైకా’ అంటారు. ఇనుము లోపంతో దానికున్న సంబంధం వారికి ఎంతో కాలంగా తెలుసు. బియ్యంలో గానీ బలపంలో గానీ ఆ లోటును పూడ్చేంత ఇనుము లేదు కాబట్టి శరీరం తనకు కావలసినదాన్ని అడుగుతోందన్న వివరణ సరిపోదు. అయినా ఆ కోరిక కనిపించిన ఇంట్లో సామెత చెప్పే బదులు రక్తపరీక్ష చేయించాలన్నది నా గట్టి అభిప్రాయం.

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత ఉన్నవారు దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వేలికొన నుంచి తీసిన రక్తపు చుక్కతో లెక్కగట్టిన అంకెలివి కనుక, సిర నుంచి తీసిన రక్తంతో చూస్తే ఇంత ఉండకపోవచ్చన్న అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. ఎంత తగ్గించి చూసినా, ఇంటి పనంతా చేసి మెట్లెక్కేసరికి ఆయాసపడే స్త్రీని ‘ఆమెకు మొదటి నుంచీ నీరసమే’ అని వదిలేయడానికి ఆ అభ్యంతరం సాకు కాకూడదు.

ఎదిగిన మనిషి ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపి మూడు నాలుగు గ్రాములు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాల్లో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఒక్కో కణం సుమారు 120 రోజులు బతికి చనిపోయాక అందులోని ఇనుమును శరీరం పారేయకుండా కొత్త కణాలకు వాడుకుంటుంది. ఈ పొదుపు వల్లే పురుషుడి ఒంటికి రోజుకు ఒక్క మిల్లీగ్రాము వంటబడితే సరిపోతుంది. రక్తం బయటికి పోయినప్పుడే ఈ లెక్క తప్పుతుంది. ఒక్కో మిల్లీలీటరు రక్తంతో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది కనుక, నెలసరిలో 40 మిల్లీలీటర్లు పోయే స్త్రీ నెలనెలా 20 మిల్లీగ్రాములు అదనంగా సంపాదించుకోవాలి. ఒక్క కాన్పుకు దాదాపు 1000 మిల్లీగ్రాములు కావాలి. ఏడాది తిరక్కుండానే మళ్ళీ గర్భం దాల్చే తల్లికి ఆ బాకీ తీరే వ్యవధి ఎక్కడిది?

లోటు వచ్చినప్పుడు మొదట తగ్గేది హిమోగ్లోబిన్ కాదన్న సంగతి చాలామందికి తెలియదు. కరవు వచ్చిన ఇంట్లో ముందు గాదె అడుగంటుతుంది, కంచంలో మెతుకులు తగ్గేది ఆ తర్వాతే. ఒంట్లో ఆ గాదె లెక్క చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో అది మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల కంటే తక్కువగా ఉంటే నిల్వలు అయిపోయినట్టే. జ్వరం, వాపు వంటివి ఉన్నప్పుడు ఈ అంకె పైకి లేస్తుంది కాబట్టి దాన్ని విడిగా చూసి నిర్ధారణకు రాకూడదు. హిమోగ్లోబిన్ 12 ఉంది కనుక మీకేమీ లేదని ఇంటికి పంపిన స్త్రీకి కూడా నిల్వలు ఖాళీ అయి ఉండవచ్చు. నిస్సత్తువ, జుట్టు ఊడటం, రాత్రి పడుకోగానే కాళ్ళు ఒకచోట నిలవనీయకుండా గుంజడం అప్పటికే మొదలై ఉండవచ్చు. కింది కనురెప్పను లాగి చూసే పాత పద్ధతి మంచిదే, కానీ లోపలి పొర స్పష్టంగా పాలిపోయేది హిమోగ్లోబిన్ బాగా పడిపోయాకే. గోరు మధ్యలో నీటిబొట్టు నిలిచేంత గుంటపడిందంటే లోపం ఎంతో కాలంగా ఉన్నట్టు.

ల్యాబ్ ఇచ్చిన కాగితం మీద హిమోగ్లోబిన్ 9.4 అని కనబడగానే ‘రక్తం లేదు’ అనేసి టానిక్ కొనుక్కుంటారు. అదే కాగితంలో కొన్ని వరసల కింద ఎంసీవీ అనే అంకె ఉంటుంది. అది ఎర్రకణం పరిమాణం. 80 కంటే తక్కువైతే ఇనుము లోపాన్ని అనుమానిస్తారు. అయితే తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి జన్యువును మోసే వాహకుల్లోనూ కణాలు చిన్నగానే ఉంటాయి, వారిలో ఇనుము లోటే లేకపోతే ఐరన్ మాత్రల వల్ల ఒరిగేదేమీ లేదు. 100 దాటితే బి12 లోపాన్ని చూడాలి, అరికాళ్ళ తిమ్మిర్లు దానికి తోడైతే మరీ ఆలస్యం చేయకూడదు. నెలసరి ఆగిపోయిన స్త్రీలో గానీ పురుషుడిలో గానీ ఇనుము లోపం బయటపడితే, రక్తం ఎక్కడి నుంచి పోతోందన్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా వదలకూడదు. మొలలు కావచ్చు, మోకాళ్ళ నొప్పులకు ఏళ్ళ తరబడి మింగిన మాత్రల వల్ల కడుపులో పడిన పుండు కావచ్చు, పెద్దపేగు క్యాన్సర్ కూడా కావచ్చు. టానిక్‌తో అంకె కాస్త పెరిగిందని ఊరట చెందడం వల్ల ఈ చివరిదాన్ని పట్టుకోవలసిన నెలలు చేజారిపోతాయి.

గర్భిణులకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970 నుంచి ఉంది. 2018లో రక్తహీనతను తగ్గించేందుకు ‘ఎనీమియా ముక్త్ భారత్’ కార్యక్రమం వచ్చింది. ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చిచ్చిన మాత్రలు అలమరలో మిగిలిపోవడానికి అశ్రద్ధ ఒక్కటే కారణమని నేననుకోను. విరేచనం నల్లగా అవుతుందని ముందుగా ఎవరూ చెప్పరు, అది చూసి ఆమె భయపడుతుంది. మలబద్ధకం, కడుపులో తిప్పడం ఆ భయాన్ని పెంచుతాయి. పొద్దున్నే టీతో మాత్ర వేసుకుంటే ఇనుము సరిగా వంటబట్టదు, క్యాల్షియం మాత్రతో కలిపి మింగినా అంతే. నిమ్మరసం తోడైతే బాగా వంటబడుతుంది. ఎర్రగా ఉంటుంది కదా రక్తం పడుతుందని బీట్‌రూట్ రసం తాగేవారికి అందులో ఇనుము చాలా తక్కువని చెప్పాలి, గర్భిణులు కానివారు, మాంసం తినేవారైతే వారానికి ఒకసారి కార్జం తింటే అంతకంటే ఎంతో మేలు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చిన తర్వాత కూడా నిల్వలు నిండటానికి సుమారు మూడు నెలలు మాత్రలు కొనసాగించాలి.

సరైన మోతాదులో ఇనుము అందుతున్నప్పుడు తరచుగా హిమోగ్లోబిన్ పెరగడానికి ముందే బియ్యం మీది కోరిక తగ్గిపోతుంది. కాబట్టి రెండోసారి చూపించుకోవడానికి వచ్చిన అమ్మాయిని, కాగితం తెరవకముందే, ‘ఇంకా బియ్యం తినాలనిపిస్తోందా అమ్మా?’ అని మందలింపు లేని గొంతుతో అడగవచ్చు.