గేటు కూయకుండా ఉండాలంటే

మా ఆఫీసు గుమ్మంలో మెటల్ డిటెక్టర్ గేటు పెట్టి ఏడాది దాటింది. మొదటి నెలంతా అది కుక్క దూరినా, గాలి వీచినా, ఒక్కోసారి ఏమీ లేకపోయినా కుయ్యిమంటూనే ఉండేది. ఇప్పుడు గప్‌చుప్. ఈ ప్రశాంతత ఊరికే రాలేదు, కాబట్టి మిగతా ఆఫీసుల వాళ్లకి పనికొస్తుందని మా పద్ధతి మొత్తం రాసిపెడుతున్నాను.

ముందు చోటు చూసుకోవాలి. గేటుకి ఒక పక్క పలకలో ఉన్న కాయిల్ అయస్కాంత క్షేత్రాన్ని గబగబా మారుస్తూ ఉంటుంది, మధ్యలోంచి తాళాల గుత్తి వెళ్తే అందులో సుడి కరెంటు పుట్టి ఆ క్షేత్రాన్ని రవ్వంత కదిలిస్తుంది, అవతలి పలకలోని కాయిల్ ఆ రవ్వంతని పట్టుకుని అరుస్తుంది. ఇంత చిన్న తేడాని పట్టాలి గనక మోటార్లకీ, జనరేటర్‌కీ, కరెంటు ప్యానెల్‌కీ, కదిలే ఇనుముకీ దూరంగా పెట్టమని దాంతో వచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. మేం పుస్తకం చదివాం. చదివే, లిఫ్టుకీ రోలింగ్ షట్టర్‌కీ సరిగ్గా మధ్యలో పెట్టాం, ఎందుకంటే వాస్తు ప్రకారం ఈశాన్యం అదే. గాలికి షట్టర్ దడదడలాడినప్పుడల్లా గేటు లెక్కలో ఎవడో గునపం పట్టుకుని లోపలికొస్తున్నట్టే.

ఇక కరెంటు. విడిగా లైను, మంచి ఎర్తింగ్ ఉండాలన్నాడు టెక్నీషియన్. లైనుకి టెండరు పిలవాలి, టెండరుకి ఫైలు కదలాలి, ఆలోపు పక్కన టీ కొట్టు ఫ్రిజ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులోనే దీని ప్లగ్గూ పెట్టాం. ఎర్తింగ్ పిన్ను ఆ బాక్సులో పట్టకపోతే విరగ్గొట్టాం (మీ ఇంట్లోనూ ఒకటి విరిగే ఉంటుంది, నన్నలా చూడకండి). కంప్రెసర్ ఆన్ అయిన ప్రతిసారీ గేటు కుయ్యిమనేది. సెక్యూరిటీ తాత ఆ కూతని బట్టి టీ కొట్లో పాలు చల్లబడ్డాయో లేదో చెప్పేవాడు.

ఆడవాళ్లకి వేరే గేటు కావాలని రెండోది తెచ్చి మొదటిదాని పక్కనే నిలబెట్టాక అసలు కచేరీ మొదలైంది. రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంటే ఒకదాని సిగ్నల్ రెండోదానికి వినిపిస్తుంది, ఒకటి కూస్తే రెండోది వంత పాడుతుంది. మెనూలోకి వెళ్లి ఒకదాని ఫ్రీక్వెన్సీ మారిస్తే సరిపోతుంది. మెనూకి పాస్‌వర్డ్ ఉంది. పాస్‌వర్డ్ ఏవో (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు) గారి డైరీలో ఉంది. ఏవో గారు బదిలీ అయ్యారు.

అయినా ఈ కష్టం మాతో మొదలైంది కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ని కాల్చినప్పుడు ఒంట్లో దిగిన గుండు ఎక్కడుందో వెతకడానికి టెలిఫోన్ గ్రాహంబెల్ ఒక పరికరం చేసుకుని వెళ్లాడు. గుండు మాట దేవుడెరుగు, చాలా మేర ఏదో ఒక రొద వినిపిస్తూనే ఉందట. పరుపులో ఉక్కు తీగలున్నాయని తర్వాత తెలిసింది. పైగా పెద్ద డాక్టరుగారు కుడివైపే వెతకాలని పట్టుబట్టాడు, చనిపోయాక పోస్టుమార్టంలో గుండు ఎడమవైపు బయటపడింది. ఎక్కడ వెతకాలో పై అధికారే నిర్ణయించే సంప్రదాయానికి 140 ఏళ్లు దాటాయన్నమాట. ఇది చదివాక మా సార్ మీద గౌరవం పెరిగింది.

ఆ సారే చివరికి దారి చూపించారు. పాస్‌వర్డ్ ఎలాగో దొరికింది, సెన్సిటివిటీ తగ్గించమన్నారు. సున్నితత్వం తగ్గించుకోవడంలో మా ఆఫీసుకి ముందు నుంచీ మంచి అనుభవం ఉంది. కొంచెం కొంచెం తగ్గిస్తూ, తగ్గించిన ప్రతిసారీ ఒక కత్తి జేబులో పెట్టుకుని నడిచి చూడండి, అది కూడా పట్టకపోతే గేటు దండగే అని టెక్నీషియన్ మొత్తుకున్నాడు. 99 నుంచి 60కి, 60 నుంచి 20కి, ఆఖరికి 5కి దించాం. కత్తి లేదు గనక టీ కొట్టు గ్యాస్ సిలిండర్‌ని గేటులోంచి దొర్లించాం. చప్పుడు లేదు. అందరం చప్పట్లు కొట్టాం.

మొన్న తనిఖీకి పైనుంచి ఒకాయన వచ్చారు. రెండు గేట్లలోంచీ రెండేసి సార్లు నడిచి, 'అంతరాయం: లేదు' అని రాసి సంతకం పెట్టారు. వెళ్లే ముందు ఫోన్‌కి చార్జింగ్ అయిపోయిందంటే గేటు ప్లగ్ పీకి అందులో పెట్టిచ్చాం. మళ్లీ పెట్టామో లేదో తాతని అడగాలి.