దేశభక్తి మోకాళ్లలో ఉంటుంది

దేశభక్తి గుండెలో ఉంటుందనేవాళ్లు పాతకాలం మనుషులు. అది మోకాళ్లలో ఉంటుందని 2016 నవంబరు 30న తేలిపోయింది. సినిమాకి ముందు జనగణమన వెయ్యాలి, తెర మీద జెండా చూపాలి, తలుపులు మూసెయ్యాలి, అందరూ లేచి నిలబడాలి అని సుప్రీంకోర్టు ఆదేశించిన రోజది.

ఆ రోజుల్లోనే నేనూ ఓ సినిమాకెళ్లాను. కుడిచేతిలో పాప్‌కార్న్, ఎడమచేతిలో కూల్‌డ్రింకు, భుజం మీద నిద్రపోతున్న మావాడు. లేచాను. లేవగానే సీటు టప్పున మడుచుకుంది. సరిగ్గా 'పంజాబ సింధు' దగ్గర పిల్లాడు రాగం అందుకున్నాడు. ముందు వరస పెద్దాయన వెనక్కి తిరిగి ఒక చూపు చూశాడు. అంతే, నా ఆధార్ కార్డు అక్కడికక్కడే రద్దయింది. అటెన్షన్‌లో ఉన్నవాడు వెనక్కి తిరగొచ్చా అని అడుగుదామనుకున్నాను గానీ, ఇంకా ముప్ఫై సెకన్లుంది.

1962 యుద్ధం తర్వాత కూడా హాళ్లలో ఈ పాట వేశారు, కాకపోతే సినిమా అయ్యాక. జనం శుభం పడకముందే సైకిల్ స్టాండుకి పరుగెత్తేవారట. ఈసారి ముందే వేసి తలుపులు మూయమన్నది అందుకేనేమో. టికెట్టు కొన్నవాడు ఎక్కడికి పోతాడు? 2018 జనవరి 9న అదే కోర్టు, తప్పనిసరేం కాదులే అంది. మోకాళ్లకు పదమూడు నెలల సర్వీసు.

అసలు ఈ పాట పుట్టుపూర్వోత్తరాలే అనుమానాస్పదం. రాసింది బెంగాలీ కవి. 1919లో ఆయన మదనపల్లెకి వచ్చినప్పుడు దాని స్వరాలు కాగితం మీద పెట్టడంలో చెయ్యేసింది మార్గరెట్ కజిన్స్ అనే ఐర్లండ్ ఆవిడ. ఊరు చూస్తే రాయలసీమ. ఇంతమంది బయటివాళ్లు కలిసి చేసిన పాటకి నేను పాప్‌కార్న్ ఒలకబోసుకుంటూ నిలబడ్డానన్నమాట!

ఈ విషయంలో తెలంగాణ సంగీతకారులు కొందరు చాలా మెలకువగా ఉన్నారు. 2024లో అందెశ్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ'ని ప్రభుత్వం రాష్ట్రగీతం చేసి, స్వరం కీరవాణి చేతికిస్తే, గోదావరి జిల్లా ఆయన మా పాటకి బాణీ కట్టడమేంటన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మనిషిని పట్టుకుని స్వరాలని వదిలేస్తే ఎలా? సప్తస్వరాలూ ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివాయో బోనఫైడ్లు తెప్పించాలి. ఎమ్మార్వో సంతకం లేని స్వరాన్ని రికార్డింగ్ థియేటర్ గుమ్మం దాటనివ్వకూడదు. నిషాదం నాన్‌లోకలని నాకు మొదట్నుంచీ అనుమానమే.