సోంపేట బీల పేరుతో తిరుగుతున్న మెసేజ్‌కు ఒక్కో మాటగా జవాబు

మా పర్యావరణ సంఘం వార్షిక సమావేశం తేదీ ప్రకటించిన దగ్గర్నుంచి శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: పర్యావరణ సంఘాల సమావేశాలన్నీ షో. అధికారులను పిలిచి ఫొటోలు దిగడం తప్ప వీళ్లు సాధించింది లేదు. నడిచేది విదేశీ డబ్బుతో. సోంపేటలో ఎందుకూ పనికిరాని ఊబి నేల కోసం గొడవ చేసి 2,640 మెగావాట్ల కరెంటు ప్లాంటు పోగొట్టారు. మన కుర్రాళ్లు వలస పోతున్నారంటే వీళ్ల వల్లే.

ఫార్వర్డ్ చేసినవాళ్లలో నాకు తెలిసినవాళ్లు, మంచివాళ్లు చాలామంది ఉన్నారు. జిల్లాకు ఉద్యోగాలు రావాలన్న వాళ్ల ఆరాటం నాకూ ఉంది. అందుకే కోపంతో కాకుండా వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ "పనికిరాని ఊబి నేల" సంగతి. సోంపేట వైపు దాన్ని బీల అంటారు. వానలకు దిగిన నీరు అక్కడ నిలుస్తుంది. ఆ నీటిని ఎత్తిపోతలతో తోడి వరి పండిస్తారు. మత్స్యకారులు అందులో చేపలు పడతారు. ఎండాకాలంలో చుట్టుపక్కల గడ్డి మాడిపోయినా బీలలో పశువులకు మేత దొరుకుతుంది. చుట్టూ ఉన్న ఊళ్ల బావుల్లో నీరు నిలబడడానికీ అదే ఆధారం. అయితే ఆ నేలకు పట్టాదారు పాసుపుస్తకం లేదు. వలేసేవాడికి, గేదెను తోలుకెళ్లేవాడికి ఎవరూ కాగితం రాసివ్వరు కదా. కాగితం లేదు కాబట్టి ఆఫీసులో కూర్చుని చూసేవాళ్లకు అది ఖాళీ భూమిలా కనిపించింది. 2008లో జీవో 1107తో 972 ఎకరాలు ప్లాంటుకు కేటాయించారు. అక్కడ బతుకుతున్నవాళ్లను ముందుగా కూర్చోబెట్టి అడిగి ఉంటే ఆ నేల విలువ అప్పుడే తెలిసేది.

"గొడవ చేసి పోగొట్టారు" అన్న మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. 2010 జులై 14న సోంపేటలో పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. వాళ్లు పొలం మీద, వల మీద బతికే మామూలు మనుషులు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర (అక్కడ చిత్తడి నేలను అలా అంటారు) దగ్గరా పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఇన్నేళ్లయినా ఆ తేదీలు ఆ ఊళ్లలో ఎవరూ మరిచిపోలేదు. దాన్ని గొడవ అని ఒక్క ముక్కలో తేల్చేయడం అన్యాయం.

సోంపేట ప్లాంటు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ. అది కేంద్రం చట్టం చేసి పెట్టిన సంస్థ. కాల్పులు జరిగిన ఆ నెలలోనే రద్దు ఉత్తర్వు వచ్చింది. బీల చిత్తడి నేల అన్నదే అక్కడ ముఖ్యమైన వాదన. ఆ వాదన రోడ్డు మీద పుట్టలేదు. అంతకుముందే స్థానిక డాక్టర్లు, రైతులు, మత్స్యకారులు కలిసి రాసిన అభ్యంతరాల్లో, పెట్టిన అప్పీళ్లలో ఉంది. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ గారు బీలను కాపాడాలని గట్టిగా నిలబడ్డారు. దేశంలో కరెంటు ఎలా వస్తుందో, ఎంత కావాలో ఆయనకు తెలియదని ఎవరైనా అనగలరా? ప్లాంట్లే వద్దని ఎవరూ అనలేదు, ఈ నేలలో వద్దన్నారు. తర్వాత ఆ భూ కేటాయింపును ప్రభుత్వమే రద్దు చేసింది.

ఇక షో అన్న మాట. ప్రభుత్వంతో మాట్లాడడమంటే ఏమిటో చాలామందికి తెలియదు, దాని గురించి చెప్పేవాళ్లూ తక్కువ. పెద్ద పరిశ్రమకు పర్యావరణ అనుమతి కావాలంటే కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ ప్రకారం చాలా సందర్భాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. పరిశ్రమ వల్ల పర్యావరణం మీద పడే ప్రభావాన్ని చెప్పే నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. సభకు కలెక్టరుగానీ, ఆయన తరఫున అదనపు మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారిగానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో, జనం చెప్పినవాటి సారాంశాన్ని వాళ్ల భాషలోనే చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టాలి.

ఈ చివరి సంగతి ఊళ్లలో ఎవరికీ తెలియదు. మేం ఏటా సమావేశంలో మొదట నేర్పేది ఇదే. ఒక ప్రజాభిప్రాయ సేకరణలో సాయంత్రమైపోయి కుర్చీలు తీసేస్తున్నారు, అధికారులు లేవబోతున్నారు. మా సమావేశానికి వచ్చి విన్న ఒక మత్స్యకార అమ్మ టెంటు మధ్యలో నిలబడి, "మామన్నది రాసేరా బాబూ? అయితే ఓపాలి సదివి ఇనిపించండి" అంది. చదివారు. ఆమె చెప్పిన చేపల మాట అందులో లేదు. మళ్లీ రాయించింది. ఆ రెండు లైన్లు ఇప్పుడు ప్రభుత్వ రికార్డు. రేపు ఎవరైనా పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్తే వకీలు ముందుగా అడిగేది ఆ కాగితమే. పైగా అనుమతి వచ్చాక అప్పీలుకు ఉండే గడువు 30 రోజులు. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. అది దాటాక ఎంత న్యాయమైన మాటైనా వినేవాళ్లుండరు. కాగితం ముందే సిద్ధంగా లేని ఊరు అక్కడే ఓడిపోతుంది.

వార్షిక సమావేశానికి అధికారులను పిలిచేది ఇందుకే. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే రసీదు చేతికొస్తుంది, సమాధానం ఎప్పుడొస్తుందో తెలియదు. సమావేశంలో ఆ రసీదులన్నీ బల్ల మీద పెట్టి, ఒక్కొక్కటీ నంబరుతో చదివి, ఆ శాఖ అధికారిని జనం ముందే అడుగుతాం. ఆయన చెప్పింది మినిట్స్‌లో రాసి, ఆయనకే కాపీ పంపుతాం. ఫొటో దిగుతాం, నిజమే. ఎవరి ముందు ఎవరు మాటిచ్చారో ఆ ఫొటో చెబుతుంది.

సాధించింది లేదన్నారు. ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి జనం, డాక్టర్లు, సంఘాలు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నీటితో తాగునీటి పథకం వచ్చాయి. 2023 డిసెంబరులో ప్రారంభించారు. ఇందులో ఏ ఒక్కరిదో ఘనత అని నేను అనను. కానీ అడగకుండా వచ్చిందని ఎవరైనా అంటే ఒప్పుకోను. మన తీరంలో ఏటా గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల పిల్లలను అటవీ శాఖ, సంఘాలు కలిసి హేచరీల్లో కాపాడి సముద్రంలోకి వదులుతున్నాయి. అదీ మాటామంతీతో మొదలైన పనే.

విదేశీ డబ్బు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కేంద్ర హోం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ లేకుండా ఏ సంఘమూ విదేశాల నుంచి రూపాయి తీసుకోవడానికి వీల్లేదు. రిజిస్ట్రేషన్ ఉన్నా, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. మాకు ఆ రిజిస్ట్రేషనూ, అనుమతీ లేవు, ఆ డబ్బూ లేదు. సభ్యత్వ రుసుము, చందాలే ఆధారం. ఎక్కువ ఖర్చయ్యేది జిరాక్సులకు, టెంటుకు, చెన్నై రైలు టికెట్లకు.

ఇక వలసలు. ఈ మాట అన్నవాళ్లు మన తీరంలో ఒక్క ఊరికి వెళ్లి అడిగినా బాగుండేది. మన జాలర్లు గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి పరాయి బోట్లలో పనిచేస్తున్నారు. 2018లో అలా వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లు 2020 జనవరి దాకా జైల్లోనే ఉన్నారు. ఇక్కడ వేట గిట్టుబాటు కాక, కుటుంబం గడవక వెళ్లినవాళ్లు వాళ్లు. తీరం పాడైతే, చిత్తడి నేలలు పూడిపోతే చేప ఇంకా తగ్గుతుంది, వెళ్లేవాళ్లు పెరుగుతారు. పైడిభీమవరంలో ఇన్ని మందుల ఫ్యాక్టరీలున్నాయి, వాటిని ఎవరూ మూయించలేదు. అయినా వలసలు ఆగాయా?

ఈ ఏడాది సమావేశంలో మేం అడగబోయేది ముఖ్యంగా ఒక్కటే. 2017 చిత్తడి నేలల నిబంధనల ప్రకారం రాష్ట్ర అథారిటీ చిత్తడి నేలల జాబితా తయారుచేయాలి. సోంపేట బీలకు, కాకరాపల్లి తంపరకు హద్దులు గీసి, నోటిఫై చేసి, ఆ మ్యాపు పంచాయతీ ఆఫీసుల్లో అంటించాలని అడుగుతాం. మెసేజ్ పంపినవాళ్లూ రండి. లెక్కల పుస్తకం బల్ల మీదే ఉంటుంది, అధికారులు ఎదురుగానే కూర్చుంటారు. ప్లాంటు కావాలన్నవాళ్ల మాటా మినిట్స్‌లో రాస్తాం, రాసింది చదివి వినిపిస్తాం.