నర్సు చేతికన్నా ముందు నర్సు కన్ను

ఏ ఆస్పత్రి వార్డుకైనా వెళ్లి, మంచం దగ్గర వేలాడే చార్టు తీసి చూడండి. టెంపరేచర్ మారుతుంటుంది, పల్స్ మారుతుంటుంది, బీపీ పూటకో రకంగా ఉంటుంది. ఊపిరి గడిలో మాత్రం చాలాచోట్ల ఒకటే అంకె: 20, 20, 20. న్యుమోనియాతో చేరినాయనకీ 20, హెర్నియా ఆపరేషన్‌కి వచ్చినాయనకీ 20. థర్మామీటర్ ఉంది, బీపీ మిషన్ ఉంది, వేలికి తగిలిస్తే పల్స్, ఆక్సిజన్ రెండూ చూపించే క్లిప్పు ఉంది. ఊపిరి లెక్కకు మామూలు వార్డులో మిషన్ ఉండదు. మంచం పక్కన నిలబడి, గడియారం చూస్తూ, ఛాతీ లేచి పడడాన్ని నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అదీ పేషెంట్‌కి తెలియకుండా. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుంది కాబట్టి, అనుభవమున్న సిస్టర్లు నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని ఛాతీ వైపు చూస్తారు. ఆ నిమిషం దొరకనప్పుడు గడిలో 20 పడుతుంది.

నర్సుకు ఏ నైపుణ్యాలు కావాలని అడిగితే మనవాళ్లు ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది: నొప్పి తెలియకుండా సూది వేయాలి, ఓపిగ్గా నవ్వుతూ మాట్లాడాలి. రెండూ కావలసినవే. కానీ పేషెంట్ బతికి బయటపడడానికి ముందు కావలసింది నర్సు చూపు. రౌండ్స్‌లో డాక్టర్ మంచం దగ్గర గడిపేది కొన్ని నిమిషాలు. మిగతా రోజంతా ఆ మనిషి మీద కన్నేసి ఉంచేది నర్సే. మన ఆస్పత్రులు ఈ పనిని నైపుణ్యంగా గుర్తించకపోవడం, గుర్తించినచోట కూడా దానికి తగిన సమయం, అధికారం ఇవ్వకపోవడం అసలు సమస్య అని నా అభిప్రాయం.

ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదురుతున్నప్పుడు బీపీ వెంటనే పడదు. శరీరం కొంతసేపు దాన్ని నిలబెట్టుకొస్తుంది. ఆ పెనుగులాట తరచుగా ముందు ఊపిరిలో కనిపిస్తుంది, తర్వాత నాడిలో. బీపీ పడే వేళకి చాలా సమయం చేజారిపోయి ఉంటుంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్ ఈ సంగతి ఆధారంగానే నడుస్తుంది. ఊపిరి, ఆక్సిజన్ శాతం, విడిగా ఆక్సిజన్ పెట్టారా లేదా, బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్... ఒక్కోదానికి మార్కులు వేసి కూడతారు. నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తే సున్నా. 21 నుంచి 24 అయితే 2 మార్కులు. 25 దాటనక్కర్లేదు, 25కు చేరితే చాలు, 3. మొత్తం 5 అయితే డాక్టర్ త్వరగా వచ్చి చూడాలి, 7 అయితే ఎమర్జెన్సీ. ఈ లెక్కకు ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు. అంకెలు నిజమైనవైతే చాలు.

గమనించడం సగం పని. మిగతా సగం, చూసినదాన్ని ఎదుటివాళ్లు కదిలేలా చెప్పడం. అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి "సార్, పన్నెండో బెడ్ పేషెంట్ ఏం బాగాలేడు సార్" అంటే, నిద్రలో ఉన్న మనిషి "సరే సిస్టర్, చూస్తాను" అని పెట్టేస్తాడు. అదే మాట ఇలా చెబితే వేరు: "సార్, సర్జికల్ వార్డు నుంచి. పన్నెండో బెడ్, నిన్న పేగు ఆపరేషన్ అయినాయన. సాయంత్రం ఊపిరి 18 ఉంది, ఇప్పుడు 28. పల్స్ 124, బీపీ 94/60. రెండు గంటలుగా యూరిన్ బ్యాగ్‌లోకి ఏమీ రాలేదు. సెప్సిస్ మొదలైందేమోనని అనుమానంగా ఉంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి. ఈలోగా బ్లడ్ కల్చర్ తీసి ఉంచమంటారా?" సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రమాద స్థితి. ఇందాకటి స్కోర్ వేసి చూడండి: ఊపిరికి 3, పల్స్‌కి 2, బీపీకి 2. మిగతావన్నీ మామూలుగా ఉన్నా 7 వచ్చేసింది.

ముందు ఇప్పుడు జరుగుతున్నదేమిటి, తర్వాత వెనకటి కథ, ఆపైన నా అంచనా, చివరికి మీరు చేయాల్సింది. ఈ వరుసకు ఎస్‌బార్ అని పేరు, ఆ నాలుగు మెట్ల ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపి. అమెరికా నౌకాదళంలో పుట్టి, అక్కడి కైసర్ పర్మనెంటే ఆస్పత్రుల ద్వారా వైద్యంలోకి వచ్చింది. సబ్‌మెరైన్‌లో కింది ఉద్యోగి పై అధికారికి ప్రమాదాన్ని మొహమాటం లేకుండా చెప్పాలి కదా, మన వార్డులకీ కావలసింది అదే. మన నర్సులు మొదటి రెండు మెట్లూ బాగానే ఎక్కుతారు. మూడోదాని దగ్గర, అంటే "నాకు ఇలా అనిపిస్తోంది" అనాల్సిన చోట గొంతు తగ్గిపోతుంది. "డయాగ్నోసిస్ నువ్వు చేస్తావా?" అన్న ఎత్తిపొడుపు ఒక్కసారి తగిలినా చాలు, ఆ సిస్టర్ మళ్లీ అనుమానం బయటపెట్టదు. ఆ నష్టం డాక్టర్‌కి కాదు, మంచం మీద ఉన్నవాడికి.

మందుల దగ్గరా ఇంతే. సరైన పేషెంట్, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అని ప్రతి నర్సింగ్ విద్యార్థీ వల్లె వేస్తుంది. వల్లె వేసింది అక్కరకు రావాలంటే ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో తెలియాలి. ఇన్సులిన్ సంగతే తీసుకోండి. మన దేశంలో వయల్ (చిన్న సీసా) ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతతో వస్తుంది, పెన్ కార్ట్రిడ్జ్‌లో 100 ఉంటుంది. సిరంజిలూ రెండు రకాలు: ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. 100 గాఢత మందును ఎర్ర మూత సిరంజిలోకి 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. తిరగేసి 40 గాఢత మందును నారింజ మూత సిరంజితో తీస్తే 20 గీతకి 8 యూనిట్లే వెళతాయి. మొదటి పొరపాటు రాత్రి భోజనం వేళ జరిగిందనుకోండి, షుగర్ పడిపోయిన మనిషి నిద్రపోతున్నట్టే కనిపిస్తాడు. చెమటతో తడిసిన బనియన్‌ని ఎవరైనా పట్టించుకుంటేనే బతుకుతాడు.

చీటీ మీద యూనిట్లకు బదులు ఇంగ్లిష్ "యు" అక్షరం గిలికితే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌లో ఉన్నది చూడ్డానికి నీళ్లే, పలచన చేయకుండా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఇలాంటి మందుల దగ్గర ఇద్దరు నర్సులు విడివిడిగా సరిచూడాలి. రాసిన మోతాదు మీద అనుమానం వస్తే ఆగి అడగాలి. పెద్ద డాక్టర్ రాసిన చీటీని పట్టుకుని "ఇది ఒకసారి చూస్తారా" అనడానికి చదువొక్కటే చాలదు, గుండె కూడా కావాలి.

మంచాన పడ్డవాళ్ల ఒంటికి పుండ్లు (బెడ్‌సోర్లు) పడకుండా చూడడం గురించి మాట్లాడితే అరుణా షాన్‌బాగ్ పేరు తలుచుకోక తప్పదు. ముంబై కె.ఇ.ఎం. ఆస్పత్రి నర్సు. 1973 నవంబర్‌లో అక్కడే జరిగిన దాడిలో మెదడు దెబ్బతిని మంచాన పడింది. 2015 మేలో చనిపోయేదాకా, దాదాపు 42 ఏళ్లు, అదే ఆస్పత్రి నర్సులు ఆమెను చూసుకున్నారు. 2011లో కారుణ్య మరణం కేసు విన్న సుప్రీంకోర్టు, అన్నేళ్లలో ఆమెకు ఒక్క బెడ్‌సోర్ కూడా పడలేదన్న సంగతిని ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఆ తీర్పును అందరూ కారుణ్య మరణానికి సంబంధించిందిగానే గుర్తుపెట్టుకున్నారు. నర్సింగ్ పాఠంగా చదివినవాళ్లు తక్కువ. కదలలేని మనిషికి కొన్ని గంటల్లోనే చర్మం కమలడం మొదలవుతుంది. రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పడం, తడి లేకుండా తుడవడం, నడుము కింద, మడమల దగ్గర ఎర్రబడిందేమో చూడడం, ఆ చూసింది రాసి తర్వాతి షిఫ్టుకు అప్పజెప్పడం. ఇదంతా ఒక్కరి మంచితనంతో అయ్యేది కాదు. 42 ఏళ్లలో ఎందరు నర్సులు రిటైరై, ఎందరు కొత్తవాళ్లు వచ్చి ఉంటారు! చేతులు మారినా పని తెగలేదంటే షిఫ్టు అప్పగింత అంత పక్కాగా జరిగిందన్నమాట.

మన వార్డుల్లో పక్కకు తిప్పే పని ఎవరిది? కొడుకుది, కోడలిది, వంతులవారీగా నేల మీద పడుకునే అటెండెంట్లది. తిప్పమని చెప్పేవాళ్లుంటారు, ఎలా తిప్పాలో, ఎక్కడ చూడాలో చూపించేవాళ్లు అరుదు. పక్షవాతం వచ్చిన తండ్రిని డిశ్చార్జ్ చేసి ఇంటికి తీసుకెళ్లే కొడుక్కి ఓ పావుగంట చేయించి చూపిస్తే అది మందుల చీటీకన్నా ఎక్కువ కాలం పనికొస్తుంది. నేర్పడం నర్సు పనిలో భాగమని సిలబస్‌లో ఉంది. డ్యూటీలో దానికి తీరిక లేదు.

తీరిక మాటకొస్తే లెక్క వేసి చూద్దాం. రాత్రి షిఫ్టులో ఒక సిస్టర్ చేతిలో 40 మంది ఉన్నారనుకుందాం. మన పెద్దాస్పత్రుల్లో ఇదేమీ విడ్డూరం కాదు. ఊపిరి ఒక్కటే నిజంగా లెక్కపెడితే 40 నిమిషాలు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాల చొప్పున పూర్తి వైటల్స్, అంటే ఊపిరి, పల్స్, బీపీ, టెంపరేచర్ లాంటివన్నీ చూస్తే 3 గంటల 20 నిమిషాలు. నాలుగు గంటలకోసారి చూడాలంటే రాత్రిలో చాలా భాగం ఆ ఒక్క పనికే పోతుంది. మధ్యలో సెలైన్ మార్చాలి, ఇంజెక్షన్లు వేయాలి, కొత్త అడ్మిషన్ చూడాలి, ఇండెంట్ (మందులు, సామాను కావాలని స్టోర్‌కి పంపే చీటీ) రాయాలి, రిజిస్టర్లు నింపాలి. బోధనాసుపత్రుల్లో ముగ్గురు పేషెంట్లకు, ఇతర ఆస్పత్రుల్లో అయిదుగురికి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. కాగితం మీద అది చాలా ఏళ్లుగా ఉంది.

ఇది కేవలం శ్రమ దోపిడీ గొడవ కాదు. అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఏకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆస్పత్రులను పరిశీలించి 2002లో ఫలితం ప్రకటించింది: నర్సుకు ఒక్క పేషెంట్ అదనంగా పెరిగిన కొద్దీ, ఆపరేషన్ అయినవారు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల అధ్యయనంలోనూ అదే 7 శాతం కనిపించింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే మరణావకాశం 7 శాతం తగ్గిందని కూడా అదే అధ్యయనం తేల్చింది. చదువు, మనుషుల సంఖ్య రెండూ కలిస్తేనే నైపుణ్యం. నర్సులకు సాఫ్ట్ స్కిల్స్ వర్క్‌షాప్ పెట్టి, ఖాళీ పోస్టులు అలాగే ఉంచే యాజమాన్యాలను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

పరాయి దేశాలు మాత్రం మన నర్సుల్లో ఈ చూపునే కోరుకుంటున్నాయి. అమెరికా నర్సు లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్‌ని 2023 ఏప్రిల్‌లో మార్చి, ఏ లక్షణం ముఖ్యం, ముందు ఏం చేయాలి అని నిర్ణయించే సామర్థ్యాన్ని ప్రధానంగా పరీక్షిస్తున్నారు. జర్మనీ వెళ్లేవారికి బీ2 స్థాయి జర్మన్ భాష, అంటే తడబడకుండా మాట్లాడగలిగే స్థాయి కావాలి, ఎందుకంటే ఆయాసమంటున్న ముసలాయన మాట అర్థం కాకుండా సేవ చేయలేరు. హైదరాబాద్ కోచింగ్ సెంటర్లలో మన పిల్లలు డబ్బు కట్టి మరీ ఇవన్నీ నేర్చుకుంటున్నారు. ఇక్కడి వార్డులో అడగనివాటిని అక్కడి వార్డు కోసం.

నర్సు చూపుకు విలువివ్వడం మన దగ్గర అసాధ్యమేమీ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణ కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతం, దేశ సగటు 21.5. దీన్ని తగ్గించే దారుల్లో ఒకటిగా తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ ప్రసూతి ఆస్పత్రుల సంస్థ ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి 2017లో కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ (కాన్పు చేయించే) శిక్షణ మొదలుపెట్టింది. నొప్పులు పడుతున్న తల్లి పక్కన కూర్చుని గమనించడం, అవసరం లేనప్పుడు చేతులు కట్టుకుని ఆగడం, అవసరమైన క్షణంలో డాక్టర్‌ని పిలవడం అందులో నేర్పుతారు. ఇక్కడ శిక్షణతో పాటు నిర్ణయం తీసుకునే చోటు కూడా ఇచ్చారు. నాకు నచ్చింది అదే.

మెడికల్, సర్జికల్ వార్డుల్లోనూ మొదలుపెట్టడానికి పెద్ద పథకాలు అక్కర్లేదు. ఇండెంట్లు, బీమా కాగితాలు, లినెన్ లెక్కలు గుమస్తాలకు అప్పగించాలి. 40, 100 సిరంజిలు ఒకే ట్రేలో ఉండకూడదు. అన్నిటికన్నా ముందు సూపరింటెండెంట్ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి: స్కోర్ 7కి చేరితే, డ్యూటీ డాక్టర్ పావుగంటలో రాకపోతే, నర్సు నేరుగా యూనిట్ చీఫ్‌కి ఫోన్ చేయవచ్చు. ఆ ఫోన్ చేసినందుకు, పేషెంట్ బాగానే ఉన్నాడని తర్వాత తేలినా సరే, ఎవరూ సంజాయిషీ అడగరాదని కూడా అందులోనే రాయాలి.