అయిందా? అని అడగడం మన జన్మహక్కు

బెంగళూరులో మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా మనవాళ్లున్న ప్రతి సాఫ్ట్‌వేర్ టీమ్‌లో పొద్దస్తమానం వినపడే ప్రశ్న: "ఏం బ్రో, అయిందా?" ప్రోగ్రామ్‌లలోనూ వెనకాల నడిచే పనిని ఇలాగే పదేపదే అడగొచ్చు. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. పని అయ్యాక అదే చెబుతుంది, కాల్‌బ్యాక్ (పని అవగానే దానంతటదే నడిచే కోడ్) పెట్టి నీ పని నువ్వు చూసుకో అంటారు. ఎంత పొగరు!

ఈ పొగరుకి పరాకాష్ఠ జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష. 2015లో ఆ భాషలో చేరిన ప్రామిస్‌కి (ఇంకా రావలసిన ఫలితానికి ఇచ్చే చీటీ లాంటిది) పెండింగ్, ఫుల్‌ఫిల్డ్, రిజెక్టెడ్ అని మూడు స్థితులున్నాయి. బ్రౌజర్ లోపలి సంగతులు చూపే డెవ్‌టూల్స్‌లో కంటికి కనిపిస్తాయి కూడా. కోడ్ అడిగితే మాత్రం నోరు విప్పదు, ఆ మెథడే ఇవ్వలేదు. మేనేజర్ల మనోభావాలు దెబ్బతినవూ?

జావాకి మర్యాద తెలుసు. 2004లో అలాంటి చీటీయే ఫ్యూచర్ పేరుతో వచ్చిననాటి నుంచీ ఈజ్‌డన్ అని అడిగితే వెంటనే జవాబిస్తుంది. పని ఎక్సెప్షన్‌తో కూలిపోయినా, మధ్యలో క్యాన్సిల్ చేసినా "అయింది" అనే అంటుంది. కూలిపోయినదాని బండారం, ఫలితం ఇమ్మని గెట్ పిలిచాకే బయటపడేది. ఇందులో తప్పేముంది? అయిందా అన్నారు, అయింది అంది. బాగా అయిందా అన్నది వేరే టికెట్. ఇలా 18 ఏళ్లు హాయిగా సాగుతుంటే, 2022లో జావా 19 స్టేట్ అనే మెథడ్ తెచ్చింది. ఇక సక్సెసా, ఫెయిలా, క్యాన్సిలా, ఇంకా నడుస్తోందా అని విడమరిచి చెప్పాలట. రోజూ టీమంతా పని లెక్క చెప్పే స్టాండప్ మీటింగ్‌లో ఇదే పద్ధతి పెడితే ఎన్ని ఉద్యోగాలు నిలుస్తాయి?

నా ఓటు మాత్రం సీ ప్లస్ ప్లస్‌కే. ప్రామాణిక ఫ్యూచర్‌లో నేరుగా అడిగే ఫంక్షన్ లేదు. సున్నా సెకన్లు వెయిట్ చేసి, రెడీ అందా లేదా చూసుకోవాలి. అసలు ముచ్చట డిఫర్డ్‌ది, అంటే వాయిదా పద్ధతిది. అలా పెట్టిన పనిని ఎన్నిసార్లు అడిగినా "డిఫర్డ్" అనే అంటుంది. రెడీ వచ్చేదాకా లూప్ తిప్పేవాడికి తెల్లారిపోతుంది, ఎందుకంటే పని మొదలే కాలేదు. గెట్ అని పిలిస్తే అప్పుడు మొదలవుతుంది, అదీ పిలిచినవాడి థ్రెడ్ మీదే, అంటే వాడి పని ఆపుకునే. శుక్రవారం సాయంత్రం టీమ్ లీడ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని "ఏదీ, ఓపెన్ చెయ్ చూద్దాం" అన్నాక కొత్త బ్రాంచ్ తీసి అప్పుడు పని మొదలుపెట్టే మన కుర్రాడు ఇంతకన్నా ఏం చేస్తున్నాడు? ఆ పూట లీడ్ టైమూ అందులోనే పోతుంది.

కాబట్టి నా డిమాండ్ ఒక్కటే. అడిగే లూప్‌లో స్లీప్ పెట్టడాన్ని, అంటే మళ్లీ అడిగే ముందు కాసేపు ఆగడాన్ని, నిషేధించాలి. ప్రాసెసర్‌లో ఒక కోర్ మొత్తం దానికే పోయి ఫ్యాన్ గోలపెడితే పెట్టనివ్వండి. అడగడం తప్ప వేరే పని లేనివాళ్లకి అంతకంటే పెద్ద జీతాలే ఇస్తున్నాం.