గొల్లభామ ఎవరి పక్షమూ కాదు

తోటలో గొల్లభామ (ప్రేయింగ్ మాంటిస్) కనిపిస్తే చంపొద్దు, అది పురుగుల్ని తిని మొక్కల్ని కాపాడుతుంది అంటారు. చంపొద్దన్న మాట నూటికి నూరుపాళ్లూ నిజం. దానికి చెప్పే కారణంతోనే పేచీ. ఆ కారణాన్ని పట్టుకుని ఏకంగా ఒక వ్యాపారమే నడుస్తోంది. గొల్లభామ గుడ్ల గూళ్లను ఆన్‌లైన్‌లో కొని కొమ్మకు కట్టుకుంటే చాలు, పురుగుమందు జోలికి పోనక్కర్లేదట! కానీ ఈ జీవి ఒళ్లు తయారైన తీరు చూస్తే, చీడపురుగుకూ తేనెటీగకూ మధ్య మనం గీసే గీత దానికి పట్టేది కాదని అర్థమవుతుంది.

ముందు కళ్ల సంగతి. రెండు కళ్లతో చూసి దూరాన్ని లెక్కగట్టే శక్తి కీటకాల్లో మొదట రుజువైంది గొల్లభామకే. 1983లో శామ్యూల్ రోసెల్ దాని కళ్ల ముందు పట్టకాలు పెట్టి ఈ సంగతి తేల్చాడు. 2016లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీలో జెనీ రీడ్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. నీలం, ఆకుపచ్చ రంగుల బుల్లి ఫిల్టర్లను తేనెమైనంతో గొల్లభామ మొహానికి అంటించి, దానికి త్రీడీ సినిమా చూపించింది. తెర మీద కదిలే చుక్క తన చేతికందేంత దగ్గరలో ఉన్నట్టు కనిపించగానే అది దాడి చేసింది. 2018లో అదే బృందం చెప్పింది మరీ ఆసక్తికరం. మనం రెండు కళ్లలో పడే బొమ్మల్ని వివరంగా పోల్చి చూస్తాం. గొల్లభామ ఆ బొమ్మల వివరాలను పట్టించుకోదు, వాటిలో ఎక్కడ మార్పు వస్తోందో అంతవరకే పోల్చుకుంటుంది.

ఇక ముందుకాళ్లు. తొడ భాగం లోపలివైపు రెండు వరసల ముళ్లు, వాటి మధ్యకు మడత చాకులా వచ్చి ముడుచుకునే ముళ్ల పిక్క, దాని కొసన కొక్కెం. దాడి మొదలై ముగియడానికి తరచుగా సెకనులో పదోవంతు కూడా పట్టదు. ఆ తర్వాత తీరిగ్గా తినడం, తిన్నాక కాళ్లను నోటితో ఒక్కో ముల్లే శుభ్రం చేసుకోవడం. దానికి ముఖ్యం రెండే: ఎర కదలాలి, పట్టుకోగలిగిన సైజులో ఉండాలి.

అందుకే దాని మెనూలో పురుగులే ఉండాలన్న నియమం లేదు. 2017లో వచ్చిన ఒక సమీక్ష, గొల్లభామలు పక్షుల్ని పట్టి తిన్న 147 ఉదంతాలను 13 దేశాల నుంచి పోగుచేసింది. వాటిలో ఎక్కువగా బలైనవి హమ్మింగ్‌బర్డ్‌లు. మరుసటి ఏడాది కర్ణాటక నుంచి వచ్చిన నివేదికలో, ఓ మేడ మీది తోటలోని చిన్న నీటి కొలను దగ్గర కూర్చున్న ఒకే గొల్లభామ ఐదు రోజుల్లో తొమ్మిది గప్పీ చేపల్ని లాగించింది. చీకటి పడ్డాక కూడా గురి తప్పలేదు.

దొరికిందల్లా గుడ్డిగా మింగేస్తుందనీ అనలేం. మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిలో విషం ఉంటుంది. చైనీస్ గొల్లభామ దాన్ని పట్టుకుని, పేగుల్ని బయట పడేసి, మిగతాది తింటుంది. కాబట్టి దానికి ఎంపిక లేదనడం తప్పు. కాకపోతే ఆ ఎంపిక దాని కడుపు కోసమే, మన పంట కోసం కాదు.

మగదాన్ని తినేసే ఆడదిగా దానికొచ్చిన పేరునూ ఇక్కడే చూడాలి. 1886లో అమెరికా కీటక శాస్త్రవేత్త ఎల్.ఓ. హోవర్డ్ ఇలాంటి ఘటన ఒకటి రాసినప్పటి నుంచీ గొల్లభామ అనగానే అందరికీ ఆ కథే. కడుపు నిండిన ఆడవాటిని కదిలించకుండా ఉంచి కెమెరాలతో గమనించినప్పుడు మగవి క్షేమంగా బయటపడ్డాయి. మగది వెనకనుంచి మెల్లగా వస్తుంది, ఆడది తల తిప్పితే ఉన్నచోటే బిగుసుకుపోతుంది. ఆకలి మీదున్న ఆడదానికి మాత్రం అదీ కదిలే తిండే. దానివల్ల లాభం కూడా ఉంది. 2016లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, మగదాన్ని తిన్న చైనీస్ గొల్లభామ తిననిదానికన్నా ఎక్కువ గుడ్లు పెట్టింది, మగదాని శరీరంలోని పోషకాలు ఆ గుడ్లలో తేలాయి. ఇందులో క్రూరత్వాన్ని వెతకడం మన సరదా.

ఇంతసేపూ ‘గొల్లభామ’ అంటూ ఏకవచనంలో మాట్లాడుతున్నా గానీ, ఇవి సుమారు 2,400 జాతులు. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి, ఎక్కువ భాగం ఉష్ణమండలంలోనే. దగ్గరి చుట్టాలు మిడతలు కావు, బొద్దింకలూ చెదలూ. ఆగ్నేయాసియాలో బెరడు మీద పరిగెత్తే మెటాలిటికస్ అనే గొల్లభామను చూస్తే ఆ చుట్టరికం ఇట్టే తెలుస్తుంది, కాకపోతే లోహపు మెరుపున్న బొద్దింక! సహారాలో ఎరెమియాఫిలా జాతులు ఇసుకలో రాళ్లలా కలిసిపోతాయి. దక్షిణ భారతం, శ్రీలంకల్లోని గాంగిలస్ సన్నటి మెడతో ఎండుపుల్లను తలపిస్తుంది. ఆర్కిడ్ మాంటిస్ పువ్వుల మధ్య దాక్కుంటుందని చాలాకాలం అనుకున్నారు. తీరా చూస్తే అది దాక్కోవడమే లేదు, తానే పువ్వై కూర్చుంటోంది. కొన్ని నిజమైన పూలకన్నా దాని దగ్గరికే తేనెటీగల్లాంటి కీటకాలు ఎక్కువగా వచ్చాయని 2014లో తేలింది. తేనెటీగల్ని పిలిచి మరీ తినేదాన్ని రైతు మిత్రుల జాబితాలో ఎక్కడ పెడతాం?

ఏ జాతిది ఎక్కడ ఉండాలో పట్టించుకోకపోతే ఏమవుతుందో అమెరికా చరిత్రలో ఉంది. చైనీస్ గొల్లభామ 1896లో ఫిలడెల్ఫియా దగ్గర, యూరప్ గొల్లభామ 1899లో న్యూయార్క్ రాష్ట్రంలో కనిపించాయి. ఇప్పుడు అక్కడ గుడ్ల గూళ్ల పేరుతో అమ్మేది ఎక్కువగా చైనీస్ రకాన్నే. స్థానికమైన కరోలినా గొల్లభామ దానికన్నా బాగా చిన్నది, దొరికితే దానికి ఆహారమే. కనెక్టికట్ అయితే యూరప్ జాతినే 1977లో తన రాష్ట్ర కీటకంగా ప్రకటించుకుంది. ఇక కొన్నవాళ్ల తోటలో జరిగేదేమిటంటే, గూట్లోంచి వందకు పైగా పిల్లలు ఒక్కసారే దిగుతాయి, కొన్ని చెల్లాచెదురవుతాయి, కొన్ని ఒకదాన్నొకటి తినేస్తాయి. ప్రాణాలతో మిగిలినవి పెద్దయ్యేసరికి పూల మీద మాటు వేస్తాయి. పేనుబంక అప్పటికి వాటి కంటికి ఆనదు.

న్యూజిలాండ్ కథ ఇంకా దారుణం. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన మయోమాంటిస్ కాఫ్రా 1978లో ఆక్లాండ్‌లో బయటపడింది. ఆడది మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని కనగలదు. పైగా దాని వాసనకు న్యూజిలాండ్ స్థానిక జాతి మగవి, సొంత జాతి ఆడవాటిని కాదని, అటు వెళ్తున్నాయని 2013లో గుర్తించారు. వెళ్లినవాటిని అది తినేస్తోంది.

ఇదంతా గొల్లభామ తప్పు కాదు. వేటగాడిగా దానికి వంక పెట్టలేం. మందు కొట్టని తోటకు స్థానిక జాతులు ఎలాగూ వాటంతట అవే వస్తాయి, అలా వచ్చినవాటిని వదిలేస్తే చాలు. డబ్బిచ్చి తెచ్చుకునేవాళ్లకే ఒక మాట: ఆ గూడు ఏ జాతిది, దాని సొంత నేల ఏది అని అడగండి. అమ్మేవాళ్లు చెప్పలేకపోతే కొనకండి.