పాతబడే కొద్దీ రేటు పెరిగే పెట్టె

"ఇంకో ఏడాది ఆగు, రేటు తగ్గుతుంది." గేమ్ కన్సోల్, అదే వీడియో గేమ్‌లు ఆడే పెట్టె, కొనాలా వద్దా అని ఎవరడిగినా ఇన్నాళ్లూ నేనిచ్చిన సలహా ఇదే. నా మాట విని ఆగినవాళ్లు ఇప్పుడు నన్ను తిట్టుకుంటున్నారు. తిట్టుకోవాల్సిందే.

కానీ ఆ సలహా నేను గాల్లోంచి పుట్టించలేదు. సోనీ వాళ్ల పీఎస్ 2 (ప్లేస్టేషన్ 2) అమెరికాలో 2000లో 299 డాలర్లకు వచ్చింది. రెండేళ్లకు 199 అయింది, 2009కల్లా 99కి దిగింది. ఇప్పుడు చూడండి. 2020లో 500 డాలర్లకు వచ్చిన పీఎస్ 5, అయిదేళ్లు పాతబడ్డాక 550. అదే 500తో మొదలైన మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఒక్క 2025లోనే రెండుసార్లు పెరిగి 650. ఇక 2017 నాటి నింటెండో స్విచ్ సంగతి మరీ విచిత్రం. దాని తర్వాతి తరం వచ్చేశాక కూడా తగ్గకపోగా 300 నుంచి 340కి ఎక్కింది. ముసలి ఎద్దుకు కోడెదూడ రేటు!

కంపెనీలు చెప్పే కారణాల్లో నిజం లేదని అనను. ఒకప్పుడు రెండు మూడేళ్లకోసారి అదే చిప్‌ను ఇంకాస్త చిన్నగా చేసేవాళ్లు. ఒకే సిలికాన్ పలకలోంచి ఎక్కువ చిప్‌లు వచ్చేవి, ఖర్చు దానంతటదే పడిపోయేది. ఇప్పుడు చిన్నగా చేసినా పెద్దగా మిగలడం లేదు, ఆ కొత్త పలకల రేటే మండిపోతోంది. 2022లో పీఎస్ 5 చిప్ 7 నుంచి 6 నానోమీటర్ల తయారీకి మారింది. కరెంటు కొంచెం తక్కువ తాగుతుంది, రేటు మాత్రం తగ్గలేదు. దీనికి తోడు అమెరికా సుంకాలు, మెమరీ చిప్‌ల కోసం ఏఐ డేటా సెంటర్లు ఎగబడటం. ఒప్పుకుంటాను.

ఒప్పుకోలేనిది వేరే ఉంది. 500 డాలర్ల పీఎస్ 5 మీద ఇక నష్టం లేదని సోనీయే 2021 ఆగస్టులో చెప్పింది. సరిగ్గా ఏడాదికి, 2022 ఆగస్టులో, యూరప్, జపాన్ సహా చాలా చోట్ల రేటు పెంచింది. అమెరికాను మాత్రం వదిలేసింది. డాలర్ బలంగా ఉంది కాబట్టి అన్నారు, సరే. పోటీదారు ఎక్స్‌బాక్స్ బలంగా ఉన్నది కూడా అక్కడే కదా!

"పాపం, కన్సోల్ అమ్మితే వాళ్లకు మిగిలేదేముంది" అని జాలిపడేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. కన్సోల్ అమ్మకం మీద తమకెప్పుడూ లాభం రాలేదని మైక్రోసాఫ్ట్ ప్రతినిధి 2021లో కోర్టులోనే చెప్పారు. నిజమే కావచ్చు. కన్సోల్ ఎర మాత్రమే. వాళ్ల స్టోర్‌లో అమ్ముడయ్యే ప్రతి గేమ్ మీద సుమారు 30 శాతం కోత, ఆన్‌లైన్‌లో ఆడుకోవడానికి చందా, అసలు సంపాదన అక్కడ. అందుకే అప్పట్లో ఎర చవగ్గా వేసేవాళ్లు. ఇప్పుడు చేపలన్నీ చెరువులోనే ఉన్నాయి. పదేళ్లుగా కొన్న గేమ్‌లన్నీ డిజిటల్‌గా ఒకే అకౌంట్‌లో ఇరుక్కుపోయాక ఎవడు ఎక్కడికి పోతాడు?

జనం కొనకపోతే మాత్రం రేటు దిగుతుంది. 2011లో చేత్తో పట్టుకుని ఆడే నింటెండో 3డీఎస్ 250 డాలర్లకు వచ్చి చతికిలపడితే, ఆర్నెల్లు తిరక్కుండా 170కి దించారు. ఆ ఆర్నెల్లలో చిప్‌లేమీ చవకైపోలేదు. మరి ఎక్స్‌బాక్స్ అమ్మకాలు పడిపోతున్నా పెంచారు కదా అంటారా? వాళ్లు పెట్టె మీద ఆశ వదిలేసి చందా మీద పడ్డారని నా అనుమానం. వాళ్ల చందా, గేమ్ పాస్ అల్టిమేట్, 2025లో నెలకు 20 డాలర్ల నుంచి ఏకంగా 30 అయింది మరి.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండింది పీఎస్ 5 ప్రో దగ్గర. 2024లో 700 డాలర్లకు తెచ్చారు. డిస్క్ డ్రైవ్ లేదు, కావాలంటే ఇంకో 80. నిలబెట్టుకోవడానికి స్టాండ్ కావాలా, 30. ఏనుగును అమ్మి అంకుశానికి వేరే బిల్లు వేసినట్టు! డ్రైవ్ తీసేయడం ఆ 80 కోసమే అనుకుంటే పొరపాటు. డిస్క్ ఉంటే ఆడేశాక అమ్ముకుంటాం, స్నేహితుడికిస్తాం, సెకండ్‌హ్యాండ్‌లో కొంటాం. వాటిలో దేనిమీదా వాళ్లకు పైసా రాదు. డ్రైవ్ లేకపోతే మనకు మిగిలేది ఒకే దుకాణం, ఆ దుకాణంవాడు చెప్పిందే రేటు.

మొన్న నా కంట్రోలర్ స్టిక్ ముట్టుకోకుండానే తెరమీది బొమ్మ దానంతటదే పక్కకు జరగడం మొదలెట్టింది. ఏ కంపెనీదో చెప్పను. వారంటీ అయిపోయిన రెండో నెల. విప్పి చూస్తే లోపల గోరంత కార్బన్ పట్టీ, దానిమీద రుద్దుకుంటూ తిరిగే చిన్న రేకు. రుద్దీ రుద్దీ పట్టీ అరిగిపోయింది. అరగకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ స్టిక్‌లు బయట విడిగా దొరుకుతున్నాయి, కంట్రోలర్ ధరలో చిన్న ముక్కకే. అవి ముందే పెట్టి ఇస్తే రెండో కంట్రోలర్ ఎవరు కొంటారు? పద్నాలుగు కాళ్ల దగ్గర సోల్డర్ కరిగించి, రెండు వేళ్లు కాల్చుకుని, నేనే మార్చుకున్నాను. నాలుగు నెలలైంది, బొమ్మ ఉన్నచోటే ఉంది.